దైషిమాయె స్టేషన్ దగ్గర ఇల్లు తీసుకోవచ్చా?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. వచ్చే నెల భార్యతో కలిసి టోక్యో వస్తున్నారు, ఆఫీసు కయాబాచోలో. మనవాళ్లు ఎక్కువగా ఉండే నిషికసాయిలో అద్దెలు మీ బడ్జెట్ దాటుతున్నాయి. ఏజెంటు ఆదాచి వార్డులో, తోబు కంపెనీ నడిపే దైషి లైన్ మీద, దైషిమాయె స్టేషన్‌కి 4 నిమిషాల నడకలో ఒక ఇల్లు చూపించాడు. మ్యాపు తెరిచి చూస్తే ఆ లైన్ మీద ఉన్నవి రెండే స్టేషన్లు, మొత్తం పొడవు 1 కిలోమీటరు. ఇంత చిన్న లైన్‌ని నమ్ముకుని ఇల్లు తీసుకోవచ్చా, రోజూ రైలు మారడం కష్టమా, రేపు ఆ లైన్ మూసేస్తే ఏం చెయ్యాలి, ఆ స్టేషన్లో టికెట్ గేటే లేదంటున్నారు నిజమేనా అని మీ ప్రశ్నలు.

తీసుకోవచ్చు. నేను 2015లో వచ్చాను, అప్పట్నుంచీ దైషిమాయె చుట్టుపక్కలే ఉంటున్నాను, మధ్యలో ఒకసారి ఇల్లు మారినా పేట మారలేదు. కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబాలకు ఇళ్లు వెతకడంలో సాయం చేస్తూ ఇలాంటి చిన్న లైన్ల మీద ఇళ్లు చాలా చూశాను. ఆ అనుభవంతో చెప్తున్నాను: దైషి లైన్ ఉందా లేదా అన్నది పక్కన పెట్టి, ఆ ఇంటి నుంచి నిషిఅరాయి స్టేషన్‌కి, అంటే దైషి లైన్ రెండో కొసన తోబు మెయిన్ లైన్‌తో కలిసే స్టేషన్‌కి, నడిచి వెళ్లగలరా లేదా అన్నది చూడండి. 20 నిమిషాల్లోపు నడిచి వెళ్లగలిగితే కళ్లు మూసుకుని తీసుకోండి. అంతకంటే దూరమైతే కింద చెప్పినవన్నీ చదివాక తేల్చుకోండి.

ఎందుకలా అంటున్నానో లెక్కతో చూపిస్తాను. దైషిమాయె నుంచి నిషిఅరాయికి రైలు ప్రయాణం 2 నిమిషాలు. సింగిల్ లైన్, రెండు బోగీల రైలు, అదే రైలు అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. దాదాపు 10 నిమిషాలకొకటి. అంటే మీరు టైము చూసుకోకుండా వెళ్తే ఒక్కోసారి 9 నిమిషాలు ప్లాట్‌ఫారం మీద నిలబడి 2 నిమిషాలు ప్రయాణం చేస్తారు. అక్కడ దిగి, గేటు దాటి, మెయిన్ లైన్ ప్లాట్‌ఫారానికి చేరడానికి ఇంకో 3 నిమిషాలు. ఇంటి దగ్గర్నుంచి 4 నిమిషాల నడకతో కలిపి, టైము చూసుకుని రైలుకి 3 నిమిషాల ముందు చేరేలా బయల్దేరితే 12 నిమిషాలు, చూసుకోకపోతే 18. అదే దూరం నేను రోడ్డు మీద నడిస్తే 16, 17 నిమిషాలు పడుతుంది. అంటే ఎండా వానా లేని రోజు రెండూ దాదాపు సమానం! వానలో, ఆగస్టు ఉక్కలో, చేతిలో కూరగాయల సంచి ఉన్నప్పుడు రైలు. మిగతా రోజుల్లో మీ ఇష్టం. నేను వారంలో మూడు రోజులు నడుస్తాను, రెండు రోజులు ఎక్కుతాను. మా ఆవిడ మాత్రం రైలు టైములు నోటికి చెప్తుంది, సరిగ్గా రైలు తలుపు మూసుకునే నిమిషం ముందు మెట్లెక్కుతుంది. పొద్దున పిల్లాణ్ని డేకేర్‌లో దింపి వెళ్లే మనిషికి ఆ లెక్క రాకపోతే రోజు గడవదు.

ఇళ్ల ప్రకటనల్లో వేసే "స్టేషన్‌కి 4 నిమిషాలు" అన్నదానికి ఒక కొలత ఉంది, అది తెలుసుకోండి. జపాన్లో 80 మీటర్లకు 1 నిమిషం చొప్పున లెక్కగట్టి వేస్తారు. సిగ్నల్ దగ్గర ఆగే టైము, మెట్లు, లిఫ్ట్ కోసం చూసే టైము అందులో ఉండవు. దైషిమాయె ముందే కన్నానా అనే పెద్ద రింగు రోడ్డు వెళ్తుంది, ఇల్లు రోడ్డుకి అవతలి వైపు ఉంటే ఆ ఒక్క సిగ్నల్ దగ్గరే నిమిషంన్నర పోతుంది. కాబట్టి ఇల్లు ఏ వైపు ఉందో అడగండి. ఇంకో మాట, ఇల్లు చూడ్డానికి ఆదివారం మధ్యాహ్నం వెళ్లకండి. వీలైతే ఏదో ఒక పనిరోజు పొద్దున 7:45కి ఆ ఇంటి గుమ్మం ముందు నిలబడి, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని కయాబాచో దాకా వెళ్లిరండి. నేను సాయం చేసిన వాళ్లందరి చేతా ఈ పని చేయించాను, ఇద్దరు ఆ తర్వాత మనసు మార్చుకున్నారు, మిగతావాళ్లు ఇప్పటికీ అవే ఇళ్లలో ఉన్నారు.

గేటు సంగతి నిజమే. దైషిమాయెలో టికెట్ గేట్లు లేవు, టికెట్ మెషీన్లు కూడా లేవు. పైకప్పు ఎత్తుగా, పెద్ద హాల్లాంటి స్టేషన్. లోపలికి నేరుగా నడిచి వెళ్లి రైలెక్కేస్తారు. డబ్బు ఎక్కడ కడతారంటే నిషిఅరాయిలో. అక్కడ దైషి లైన్ ప్లాట్‌ఫారానికీ మెయిన్ లైన్ ప్లాట్‌ఫారాలకీ మధ్య ఒక గేటు వరస ఉంటుంది. పొద్దున వెళ్లేటప్పుడు అక్కడ కార్డు తాకిస్తే మీ ప్రయాణం మొదలైనట్టు, సాయంత్రం వచ్చేటప్పుడు అక్కడ తాకిస్తే ముగిసినట్టు. ఈ లైన్‌కి ఉన్నవి రెండే స్టేషన్లు కాబట్టి ఇది కుదిరింది. ఎక్కడ ఎక్కినా అటువైపు దిగాల్సిందే, కాబట్టి ఒకవైపు గేటు పెడితే చాలు, రెండోవైపు మనిషీ మెషీనూ అక్కర్లేదు. ఇంత తెలివైన ఏర్పాటు నేను ఇంకెక్కడా చూడలేదు.

మా నాన్నగారు తెనాలి నుంచి వచ్చినప్పుడు ఒకరోజు ఒక్కరే అసాకుసా చూసి వస్తానని బయల్దేరారు. అసాకుసా నుంచి ఇదే తోబు మెయిన్ లైన్ మొదలవుతుంది. తిరిగి వచ్చేటప్పుడు కాగితం టికెట్ కొనుక్కున్నారు. నిషిఅరాయిలో ఆ మధ్య గేటులో టికెట్ పెడితే గేటు మింగేసింది, తిరిగి ఇవ్వలేదు. ఆయన రైల్లో కూర్చున్నారే గానీ చేతిలో టికెట్ లేదు, మధ్యలో టీసీ వస్తే ఏం చెప్పాలో తెలియని భాష. నలభై ఏళ్లు మన రైళ్లలో టికెట్ జేబులో భద్రంగా పెట్టుకుని తిరిగిన మనిషి. దైషిమాయెలో దిగాక గేటు కోసం వెతికారు, ఎక్కడా లేదు. బయటికొచ్చి నాకు ఫోన్ చేశారు. "ఒరే, టికెట్ ఎవరికీ చూపించకుండానే రోడ్డు మీదికి వచ్చేశాను, తప్పేమన్నా చేశానంటావా?" అన్నారు, గొంతులో టెన్షన్. "నిషిఅరాయిలోనే డబ్బు జమ అయిపోయింది నాన్నా, ఇంటికి వచ్చేయ్" అన్నాను. ఆ తర్వాత వారం రోజులూ ఆ స్టేషన్‌కి వెళ్లి కూర్చోవడం ఆయనకు అలవాటైపోయింది. మీ అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఈ సంగతి ముందే చెప్పి పంపండి.

పాస్ గురించి. నెలవారీ పాస్ తీసుకునేటప్పుడు "నిషిఅరాయి – కయాబాచో" అని కాకుండా "దైషిమాయె – కయాబాచో" అని తీసుకోండి. పాస్ ఉన్న దారిలో మధ్య స్టేషన్లలో ఎక్కినా దిగినా చెల్లుతుంది కాబట్టి నడిచిన రోజు నిషిఅరాయి మెయిన్ గేటులోంచి అదే పాస్‌తో వెళ్లిపోవచ్చు. పాస్ 1, 3, 6 నెలలకు ఇస్తారు, 6 నెలలది చౌక. దైషిమాయెలో మెషీన్ లేదు కాబట్టి నిషిఅరాయిలో చేయించుకోవాలి. చాలా కంపెనీలు రాకపోకల ఖర్చు ఇస్తాయి, నెలకు 1,50,000 యెన్‌ల దాకా దాని మీద పన్ను ఉండదు. మీ కంపెనీ ఇస్తుంటే ఈ చిన్న లైన్ ఖర్చు మీ జేబులోంచి పోదు, కానీ ఆఫీసులో ఇచ్చే ఫారంలో దైషిమాయె పేరు రాయడం మర్చిపోకండి.

ఇక కయాబాచోకి దారి. ఇది మీకు బాగా కలిసొచ్చే విషయం. నిషిఅరాయి నుంచి కొన్ని లోకల్ రైళ్లు కితాసెంజు అనే పెద్ద జంక్షన్ దాటి నేరుగా హిబియా మెట్రో లైన్ మీదికి వెళ్లిపోతాయి, కయాబాచో ఆ లైన్ మీదే ఉంది. ఎక్కడా మారకుండా నిషిఅరాయి నుంచి దాదాపు అరగంట. ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కితాసెంజుకి త్వరగానే చేరతారు, కానీ అక్కడ ఎక్స్‌ప్రెస్ ఆగేది కింద, హిబియా రైలు దొరికేది జపాన్ లెక్కలో 3వ అంతస్తులో, అంటే మన లెక్కలో రెండో అంతస్తు. పొద్దున 8కి ఆ ఎస్కలేటర్ల దగ్గర జనం చూస్తే ఎక్స్‌ప్రెస్‌లో మిగిలిన నిమిషాలు అక్కడే ఖర్చయిపోతాయని అర్థమవుతుంది. నేను మొదటి ఏడాది ఎక్స్‌ప్రెస్ వెంట పరిగెత్తాను, తర్వాత మానేసి లోకల్ పట్టుకున్నాను, ఆఫీసుకి చేరే టైము దాదాపు అదే. కూర్చుని వెళ్లాలంటే ఇంకో దారి ఉంది. కొన్ని హిబియా రైళ్లు కితాసెంజులోనే బయల్దేరతాయి, ఒక రైలు వదిలేసి క్యూలో ముందు నిలబడితే సీటు దొరుకుతుంది. మీ భార్యకు ఒంట్లో బాగాలేని రోజుల్లో ఇది గుర్తుంచుకోండి.

నిషికసాయి నుంచైతే కయాబాచోకి తోజాయ్ లైన్ మీద పావుగంట లోపే, మారాల్సిన పనే లేదు. అది నేను కాదనను. కాకపోతే పొద్దున ఆ లైన్ కిక్కిరిసి ఉంటుంది, ఇక అద్దె తేడా మీకు తెలిసిందే. నేను చూసిన ఇళ్లలో అదే సైజు ఇల్లు ఇక్కడ నెలకు 20, 30 వేల యెన్‌లు తక్కువకు దొరికింది. మన సరుకుల దుకాణాలు, మన పిల్లలు వెళ్లే స్కూళ్లు, పండగలకు కలిసే మనుషులు అటువైపు ఎక్కువ. చిన్న పిల్లలుండి ఇండియన్ స్కూల్లో వెయ్యాలనుకునేవాళ్లకు నేను నిషికసాయే చెప్తాను. మీరిద్దరే కాబట్టి ఇటు చెప్తున్నాను. కరివేపాకు, కందిపప్పు కోసం హిబియా లైన్ మీదే నాకా-ఒకాచిమాచిలో దిగితే చాలు, ఆ చుట్టుపక్కల నగల రాళ్ల వ్యాపారం చేసే మన జైనులు ఎప్పట్నుంచో ఉన్నారు, శాకాహారం హోటళ్లూ ఉన్నాయి.

మూసేస్తారేమోనన్న భయం పెట్టుకోకండి. జపాన్లో చిన్న రైలు లైన్లు మూతపడుతున్న వార్తలు మీరు చదివి ఉంటారు, అవి నిజమే. హొక్కైడోలో యుబారి ఊరికి వెళ్లే 16 కిలోమీటర్ల బ్రాంచి లైన్‌ని 2019 మార్చిలో ఆపేశారు. అది బొగ్గు గనుల ఊరు, గనులు మూతపడ్డాయి, జనం వెళ్లిపోయారు, రైలెక్కేవాళ్లు లేరు. ఇక్కడ కథ వేరు. ఈ లైన్ పక్కన ఇల్లు పక్కన ఇల్లు, ఖాళీ జాగా లేదు. ఖర్చు చూస్తే ఒకటే ట్రాకు, రెండు బోగీలు, డ్రైవర్ ఒక్కరే, గార్డు ఉండరు, తలుపులు కూడా ఆయనే వేస్తారు, చివరి స్టేషన్లో గేటు లేదు. ఇంతకంటే తక్కువ ఖర్చుతో రైలు నడపడం కష్టం. పైగా తోబు కంపెనీ 2021లో డ్రైవర్ సీటులో మనిషి లేకుండా నడిపే ప్రయోగాలకు ఈ లైన్‌నే ఎంచుకున్నట్టు ప్రకటించింది. మూసేయాలనుకునే లైన్ మీద ఎవరూ అలాంటి పెట్టుబడి పెట్టరు.

ఇంకో ఉదాహరణ చెప్తాను. టోక్యోలోనే నెరిమా దగ్గర సెయిబు కంపెనీది తోషిమా లైన్ ఉంది, అదీ 1 కిలోమీటరే, 1927లో వేసింది, చివర తోషిమాయెన్ అనే పెద్ద వినోదాల పార్కు. ఆ పార్కు 2020 ఆగస్టు 31న శాశ్వతంగా మూతపడింది. లైన్ మాత్రం ఆగలేదు. పార్కు కోసం వేసిన లైన్‌ని అప్పటికే ఆ చుట్టూ ఇళ్లు కట్టుకున్నవాళ్లు తమది చేసేసుకున్నారు. 2023లో ఆ స్థలంలో సినిమా స్టూడియో టూర్ ఒకటి వచ్చి సందర్శకులు కూడా మళ్లీ మొదలయ్యారు. ఆ లైన్‌కి ఉన్న మంచి ఏంటంటే ఇకెబుకురో నుంచి నేరుగా వచ్చే రైళ్లు ఉంటాయి, మన దైషి లైన్‌కి ఆ భాగ్యం లేదు, అందరూ నిషిఅరాయిలో మారాల్సిందే.

అసలు ఒక కిలోమీటరు లైన్ ఎందుకు వేశారని నన్ను చాలామంది అడుగుతారు. ఒక కిలోమీటరు వెయ్యాలని ఎవరూ అనుకోలేదు. నిషిఅరాయి నుంచి పడమరగా వెళ్లి, అరాకావా నది దాటి, కామి-ఇతాబాషిలో తోబు వాళ్లదే అయిన తోజో లైన్‌తో కలపాలని పథకం. అందులో మొదటి ముక్కగా 1931 డిసెంబరు 20న ఈ కిలోమీటరు తెరిచారు, స్టేషన్ పక్కనే ఉన్న బౌద్ధ గుడికి వచ్చే భక్తులకు పనికొస్తుందని. ఈలోపు ఆ దారి పొడవునా ఊళ్లు పెరిగాయి, భూమి ధరలు పెరిగాయి, నది మీద వంతెన ఖర్చు ఒకటి. మిగతాది కాగితాల మీదే ఆగిపోయింది. యుద్ధం చివర్లో 1945లో ఈ ముక్క కూడా ఆగి, 1947లో మళ్లీ మొదలైంది. 1968లో రింగు రోడ్డు కోసం స్టేషన్‌ని కాస్త వెనక్కి జరిపారు. ఆ కలపని లైన్ తాలూకు ఫలితం ఇప్పటికీ కనిపిస్తుంది. తోజో లైన్ రైళ్లను పెద్ద రిపేర్లకు తీసుకెళ్లాలంటే తోబుకి తన సొంత పట్టాల మీద దారి లేదు, చిచిబు రైల్వే అనే వేరే కంపెనీ లైన్ మీదుగా చుట్టూ తిప్పి తెచ్చుకుంటారు. మా స్టేషన్ చివర పట్టాలు ఆగిపోయిన చోట నిలబడినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది. పట్టాలు పడమర వైపే చూస్తూ ఆగిపోయి ఉంటాయి.

ఇక ఆ గుడి. దైషిమాయె అంటే "దైషి ముందు" అని అర్థం, స్టేషన్ దిగితే గుడి అక్కడే. అసలు పేరు సోజీజి, అందరూ నిషిఅరాయి దైషి అంటారు. కోబో దైషి అనే బిరుదు పొందిన కూకాయ్ 826లో స్థాపించాడని గుడి చరిత్ర చెప్తుంది. ఆయన షింగోన్ బౌద్ధాన్ని చైనా నుంచి జపాన్‌కి తెచ్చినవాడు, దాని మూలాలు మన దేశంలోవే. మీరు వచ్చాక ఒకసారి లోపల జరిగే గోమా చూడండి. గోమా అంటే హోమమే, ఆ మాటే మారి గోమా అయింది. పెద్ద డోలు మోగుతుంటే పూజారి హోమగుండంలో సమిధలు వేస్తాడు, మంట పైకి లేస్తుంది, కోరికలు రాసిన పుల్లలు కూడా అందులోనే వేస్తారు. మా అమ్మ మొదటిసారి చూసినప్పుడు ఏమీ అడగకుండా, ఎవరూ చెప్పకుండానే చేతులు జోడించి కూర్చుండిపోయింది. బయటికొచ్చాక "మంత్రం అర్థం కాలేదు గానీ పద్ధతంతా మనదేరా" అంది. గుడి వాకిట్లో కుసా దాంగో అమ్ముతారు, బియ్యప్పిండిలో యొమోగి అనే ఆకు కలిపి చేసే ఆకుపచ్చ ఉండలు, పైన తీపి అజుకి గింజల ముద్ద. మన ఉండ్రాళ్లు తిన్నవాళ్లకు వెంటనే నచ్చుతాయి. నిషిఅరాయి ప్లాట్‌ఫారం మీద రామెన్ కొట్టు ఒకటి చాలా పేరున్నది, సాయంత్రం రైలు దిగగానే ఆ వాసన వస్తుంది. శాకాహారులైతే మాత్రం రామెన్ రసం మాంసంతో కాస్తారు, గుర్తుంచుకోండి.

గుడి వల్ల ఇబ్బంది కూడా ఉంది. జనవరి 1 నుంచి 3 దాకా కొత్త సంవత్సరం దర్శనాలకు జనం పోటెత్తుతారు. ఆ మూడు రోజులు మీరు మీ సొంత స్టేషన్‌లో క్యూలో నిలబడాల్సి వస్తుంది. మేం ఆ రోజుల్లో రైలెక్కం, సందుల్లోంచి నిషిఅరాయికి నడిచేస్తాం. ప్రతి నెలా 21వ తేదీ కోబో దైషి రోజు, జనవరి 21న జనం మరీ ఎక్కువ. వసంతంలో గుడి తోటలో పియోనీ పూలు పూసినప్పుడు పెద్దవాళ్లు గుంపులుగా వస్తారు. ఇవన్నీ కలిపినా ఏడాదిలో పదిహేను రోజులు దాటవు.

పేరుతో ఒక జాగ్రత్త. "దైషి లైన్" అని రెండున్నాయి. ఇంకొకటి కేక్యూ కంపెనీది, కవాసాకిలో, అక్కడ ఉన్నది వేరే దైషి గుడి. అది 4.5 కిలోమీటర్లు, 7 స్టేషన్లు, 1899లో మొదలైంది, టోక్యో చుట్టూ ఉన్న ఈ కాంతో ప్రాంతంలో కరెంటుతో నడిచిన మొదటి రైలు అదే. నేను సాయం చేసిన ఒక జంట ఇల్లు చూడ్డానికని పొద్దున్నే బయల్దేరి కవాసాకి దైషి స్టేషన్లో దిగి నాకు ఫోన్ చేశారు, "అన్నా, మీరు చెప్పిన గుడి దగ్గరే ఉన్నాం" అని. వాళ్ల గొంతు వెనక స్టేషన్ అనౌన్స్‌మెంట్ వినపడితే గానీ నాకు అర్థం కాలేదు. ఇంకా ఒకటి, ప్రకటనలో "నిషిఅరాయిదైషి-నిషి" అని ఉంటే అది దైషి లైన్ స్టేషన్ కాదు, నిప్పోరి-తోనేరి లైనర్ అనే వేరే లైన్‌ది. 2008లో వచ్చింది, డ్రైవర్ లేకుండా రబ్బరు చక్రాల మీద నడుస్తుంది. మీ ఇల్లు గుడికి పడమర వైపైతే దానికీ నడిచి వెళ్లొచ్చు, మెయిన్ లైన్ ఆగిన రోజు అది పనికొస్తుంది. కానీ రోజూ దాని మీద ఆధారపడకండి, ఈ మధ్య ఏళ్లలో దేశంలోనే అత్యంత రద్దీ లైన్లలో దాని పేరు వస్తోంది, పొద్దున ఎక్కితే మీకే తెలుస్తుంది.

మీరు వేరే చోట చిన్న లైన్ మీద ఇల్లు చూస్తుంటే ఇక్కడి మాటలు అలాగే అక్కడ పెట్టుకోకండి. కవాసాకి, యోకొహామా దగ్గర త్సురుమి లైన్‌కి ఓకావా అనే చిన్న కొమ్మ ఉంది, అది ఫ్యాక్టరీ ఉద్యోగుల కోసం, పొద్దున సాయంత్రం తప్ప మధ్యాహ్నం రైళ్లే ఉండవు. అదే లైన్‌కి ఇంకో కొమ్మ చివర ఉన్న ఉమి-షిబావురా స్టేషన్లో దిగితే ఎదురుగా ఫ్యాక్టరీ గేటు, ఉద్యోగులు కానివాళ్లకు బయటికి దారే లేదు. మ్యాపులో చూస్తే అన్నీ ఒకేలాంటి చిన్న గీతలు. కాబట్టి ఏ లైన్ అయినా సరే, టైంటేబుల్ తెరిచి పనిరోజు మధ్యాహ్నం 2 గంటలకు, రాత్రి 11 తర్వాత, ఆదివారం ఎన్ని రైళ్లున్నాయో చూడండి. దైషి లైన్‌లో పగలంతా 10 నిమిషాలకొకటి వస్తుంది కాబట్టి ఆ దిగులు లేదు. రాత్రి మాత్రం జాగ్రత్త. చివరి దైషి రైలు వెళ్లిపోయాక కూడా మెయిన్ లైన్లో నిషిఅరాయికి రైళ్లు రావచ్చు, అప్పుడు నడవాలి. అందుకే మొదట్లోనే నడిచే దూరం చూడమన్నాను. నైట్ షిఫ్టులుండి మోకాళ్ల నొప్పులున్న ఒక పెద్దాయనకు ఇదే ఇల్లు వద్దని చెప్పాను.

వరద సంగతి ఏజెంటు చెప్పినా చెప్పకపోయినా మీరు అడగండి. ఆదాచి వార్డు అరాకావా నది పక్కన పల్లపు నేల. 2020 ఆగస్టు నుంచి ఇల్లు అద్దెకిచ్చే ముందు వరద ముప్పు మ్యాపులో ఆ ఇల్లు ఎక్కడుందో చూపించి చెప్పడం ఏజెంట్లకు తప్పనిసరి చేశారు. వార్డు ఆఫీసులో ఆ మ్యాపు ఇస్తారు. 2019 అక్టోబరులో పెద్ద తుఫాను వచ్చినప్పుడు రైళ్లన్నీ ముందే ప్రకటించి ఆపేశారు, మేం రాత్రంతా నది మట్టం ఫోన్లో చూస్తూ కూర్చున్నాం. మా వీధికి నీళ్లు రాలేదు గానీ ఆ రాత్రి తర్వాత నేను ఇల్లు మారినప్పుడు మూడో అంతస్తుకి పైన ఉంటేనే తీసుకుంటానని పట్టుబట్టాను. మీ ఇల్లు గ్రౌండ్ ఫ్లోర్ అయితే, అద్దె ఇంకో పదివేలు తగ్గించినా వద్దని నా సలహా.

సైకిల్ కొనుక్కోండి. ఇక్కడ గుట్టల్లేవు, అంతా చదును. నిషిఅరాయి స్టేషన్ దగ్గర డబ్బు కట్టి పెట్టుకునే సైకిల్ స్టాండులున్నాయి, నెలవారీ చోటు కోసం ముందే పేరు రాయించుకోండి. రోడ్డు పక్కన వదిలేస్తే ఎత్తుకుపోతారు, విడిపించుకోవడానికి డబ్బు కట్టాలి. సైకిల్ మీద ఇంటి నుంచి నిషిఅరాయికి 6, 7 నిమిషాలు, అప్పుడు దైషి లైన్ వానరోజుల బండి అయిపోతుంది.

మీరు రాసిన ఇంటి అడ్రసు పూర్తిగా ఇక్కడ పెట్టకండి. రింగు రోడ్డుకి ఏ వైపు, ఏ అంతస్తు, ఈ రెండూ చెప్పండి చాలు. ఇల్లు చూసే తేదీ ఖాయమయ్యాక ఒక మెసేజ్ పెట్టండి. శని, ఆదివారాల్లో నేను ఊళ్లోనే ఉంటాను, గుడి వాకిట్లో కలిసి మీ గుమ్మం దాకా నడుద్దాం, ఎన్ని నిమిషాలో అక్కడే తేలిపోతుంది.